అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను

అమెరికాలోని బాప్టిస్టు సంఘాలు 19వ శతాబ్దంలో విదేశాలకు పంపిన క్రైస్తవ మిషన్లలో తెలుగు మిషను ఒకటి. 1836లో మొదలై నెల్లూరు, ఒంగోలు కేంద్రాలుగా దక్షిణ కోస్తాలోను, తరువాత నిజాం రాజ్యంలోను మతప్రచారం, చదువు, వైద్యం, కరువు సహాయం నడిపింది. మొదటి 30 ఏళ్ళు ఈ మిషనుకు దాదాపు ఫలితమే లేదు. ఆ తరువాత 15 ఏళ్ళలోపే ఒంగోలు సంఘం సభ్యుల సంఖ్య 20 వేలు దాటి, ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘంగా పేరుపడింది. వచ్చినవాళ్ళలో అత్యధికులు మాదిగలు, కొంతమేర మాలలు.

ఈ మలుపును మిషను సాహిత్యం జాన్ ఎవరెట్ క్లౌ అనే ఒక్క దొర ఘనతగా చెబుతూ వచ్చింది. ఆయన పాత్ర చిన్నదేమీ కాదు. కానీ ఆయనే చివరి రోజుల్లో చెప్పుకున్న జ్ఞాపకాలను జాగ్రత్తగా చదివితే వేరే చిత్రం కనబడుతుంది. దారి వేసినవాళ్ళు తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఊళ్ళు తిరిగిన మాదిగ పెద్దలు. దొర చాలాసార్లు వాళ్ళ వెనకాలే నడిచాడు.

తొలి ముప్పై ఏళ్ళు

బాప్టిస్టులకంటే ముందే తెలుగునాట మిషనరీలున్నారు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. అయిదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ చనిపోయారు. ఒరిస్సాలో పనిచేస్తున్న ఇంగ్లీషు బాప్టిస్టు ఏమోస్ సట్టన్ అమెరికా వెళ్ళి, తెలుగువాళ్ళ దగ్గరకు మనుషుల్ని పంపమని అక్కడి సంఘాలను ఒప్పించాడు. ఆ పిలుపు మీద వచ్చినవాడు శామ్యూల్ డే. 1836లో విశాఖలో దిగి, కొంతకాలం శ్రీకాకుళంలో, తరువాత మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు.

నెల్లూరులో పని నత్తనడక నడిచింది. బజారులో నిలబడి బోధించడం, కరపత్రాలు పంచడం, చిన్న బడి ఒకటి నడపడం. వినేవాళ్ళున్నారు, వాదించేవాళ్ళున్నారు, చేరేవాళ్ళు లేరు. డే ఆరోగ్యం చెడి 1846లో అమెరికా వెళ్ళాడు. మూడేళ్ళ తరువాత లైమన్ జ్యూయెట్ దంపతులతో తిరిగి వచ్చాడు గాని, 1853లో శాశ్వతంగా వెళ్ళిపోక తప్పలేదు.

అదే ఏడాది ఆల్బనీ నగరంలో జరిగిన బాప్టిస్టు మిషనరీ యూనియన్ మహాసభలో ఈ మిషనును మూసేద్దామన్న ప్రస్తావన వచ్చింది. బర్మాలో తమ కేంద్రాలు గుంపుగా ఉంటే, బంగాళాఖాతానికి ఇటువైపు పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కలా ఉందని ఒక వక్త అన్నాడు. సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్, అమెరికన్ల దేశభక్తి గీతం రాసిన కవి, ఆ రాత్రే ఒంటరి తార మీద పద్యం రాసి మర్నాడు చదివాడు. మూసివేత ఆగింది. ‘లోన్ స్టార్ మిషన్’ అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. 1862లో మళ్ళీ అదే చర్చ. అప్పుడు అమెరికాలో ఉన్న జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్ళి అక్కడే బతికి అక్కడే చస్తానని పట్టుబట్టాడట. అయితే ఆయన్ని క్రైస్తవ మర్యాదతో పూడ్చడానికైనా ఇంకొకర్ని పంపాలి గదా అని కార్యదర్శి చమత్కరించాడని మిషను చరిత్రల్లో రాసుకున్నారు.

ఈ నడుమ జరిగిన ఒక సంగతిని తెలుగు బాప్టిస్టులు నేటికీ తలుచుకుంటారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూయెట్ దంపతులు, నరసు, రూతు, జూలియా అనే ముగ్గురు తెలుగు క్రైస్తవులు కలిసి ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. ఆ కొండకు ‘ప్రేయర్ మీటింగ్ హిల్’ అని పేరు పడింది. కొండెక్కిన అయిదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళన్నది ఆ పేరు చెప్పేటప్పుడు చాలామందికి గుర్తుండదు.

పేరయ్య

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే పని చేశాడు. గొలుసు పట్టి అడవులు కొలిచిన ఈ అనుభవం తరువాత ఆయనకు వేదాంత విద్యకంటే ఎక్కువ అక్కరకొచ్చింది. 1864 నవంబరులో బోస్టన్‌లో ఓడెక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడేనాటికి సభ్యులు 8 మంది.

ఆయన ఒంగోలు చేరకముందే అసలు పని మొదలయింది. కనిగిరి వైపు తాళ్లకొండపాడు అనే ఊళ్ళో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. పచ్చితోళ్ళు కొని ఉత్తరాన ఏలూరు దాకా తీసుకెళ్ళి అమ్మేవాడు. చదువు రాదు. అయినా రాజయోగం అభ్యసించినవాడు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొంది, తనకూ శిష్యుల్ని సంపాదించుకున్నవాడు. ఆ రోజుల్లో నెల్లూరు, గుంటూరు సీమల్లో రాజయోగ గురువులు కులాల హద్దులు దాటి గూడేల్లోకి కూడా వచ్చేవారు. విగ్రహాలు కాదు, లోపలున్న దేవుణ్ణి వెతకమని చెప్పేవారు. పేరయ్య అలా వెతుకుతున్న మనిషి. తోళ్ళ బేరం మీద ఏలూరు వెళ్ళినప్పుడు అక్కడ చర్చి మిషనరీ సొసైటీవారి అలెగ్జాండర్ దొర బోధ విన్నాడు. మీ వైపు ఒంగోలుకు ఒక దొర రాబోతున్నాడు, ఆయన్ని అడుగు అని అలెగ్జాండర్ చెప్పి పంపాడు. 1866 మార్చిలో పేరయ్య బాప్తిస్మం పొందాడు.

తరువాత ఏం జరిగిందన్నదే ముఖ్యం. పేరయ్య తన ఊరు వెళ్ళి, చుట్టుపక్కల మాదిగపల్లెల్లో తన పాత శిష్యులకు, చుట్టాలకు చెప్పుకుంటూ పోయాడు. తోళ్ళ బేరానికి తిరిగే దారులే బోధకూ దారులయ్యాయి. దొర రావాలని ఒంగోలుకు కబురు పంపాడు. 1867 జనవరిలో క్లౌ గుర్రమెక్కి తాళ్లకొండపాడు వెళ్ళేసరికి, వంటకు గిన్నెలు, తినడానికి గింజలు మూటకట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చి ఎదురుచూస్తున్నారు. కొన్ని రోజులు చెట్ల కింద కూర్చుని అడగాల్సినవన్నీ అడిగారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ చేసిందల్లా వాళ్ళు నేర్చుకున్నది పరీక్షించి, కొంత కలిపి, నీళ్ళలోకి దిగడం.

ఒంగోలు పట్టణంలో కథ వేరే నడుస్తున్నది. బ్రాహ్మణ కుటుంబాలు ఇంగ్లీషు బడి కావాలని అడిగితే మిషను బంగళాలో బడి పెట్టారు. ఫీజులు కూడా బాగానే వచ్చాయి. తాళ్లకొండపాడు వార్త ఊళ్ళోకి రాగానే పెద్దమనుషులు వచ్చి, ఈ మనుషుల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని మర్యాదగానే చెప్పారు. పై కులాలవాళ్ళు ముందు మారితే కింది కులాలు వెంట వస్తాయన్నది అప్పటిదాకా చాలా మిషన్ల లెక్క. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి ఆ లెక్క మీదే నడిచింది. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, భార్య హారియెట్ మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనబడిందని క్లౌ రాశాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచులుగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఆ యాదృచ్ఛికతను ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకోవచ్చు. బ్రాహ్మణ పిల్లలు మాత్రం బడి మానేశారు, మిషను మాదిగల మిషను అయింది.

మూడు షరతులు

చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతనియమాలు. ఊరి లెక్కల్లో చూస్తే ఒక్కొక్కటీ ఒక తిరుగుబాటు.

మాదిగల బతుకు ఊరి వ్యవసాయంతో ముడిపడి ఉండేది. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెనలు, ఎద్దులకు పట్టెడలు, వార్లు చేసివ్వాలి. పశువు చస్తే ఈడ్చుకెళ్ళాలి. తోలు, మాంసం వాళ్ళవి. కోతలప్పుడు కళ్ళంలో మేర గింజలు వస్తాయి. జాతరలో, కొలుపుల్లో డప్పు కొట్టడం వాళ్ళ వంతు. కబురు వస్తే రాత్రనక పగలనక వెట్టికి పోవాలి. ఇప్పుడు ఆదివారం పని మానితే రైతుకు కోపం. అమ్మవారి ముందు డప్పు కొట్టనంటే ఊరంతటికీ అరిష్టం. చచ్చిన గొడ్డు మాంసం ముట్టనన్నవాణ్ణి పాత ఒప్పందం చూపి ఈడ్పించడం కష్టం. ఊరి పెద్దలు ఊరుకోలేదు. బావి దగ్గరకు రానివ్వలేదు, మేర ఆపేశారు, దొంగతనాలు మోపి స్టేషను మెట్లెక్కించారు. క్లౌ కలెక్టరు దగ్గరకు, కోర్టులకు తిరిగాడు. తెల్లదొర పక్కనుంటే కరణం, మునసబు కొంచెం వెనక్కి తగ్గుతారన్నది గూడెంలో అందరికీ అర్థమైంది. మతం మారడానికి అదొక కారణమా అంటే, తప్పకుండా కారణమే. దాన్ని దాచవలసిన అవసరం లేదు.

క్లౌ చేసిన తెలివైన పని ఒకటుంది. మాదిగల కట్టుబాట్లను కూల్చలేదు. పల్లెకు పెద్దమాదిగ ఉంటాడు, కులపంచాయతీ ఉంటుంది. బాప్తిస్మం ఒక్కొక్కరికి కాక కుటుంబాలకు, పల్లెలకు అన్నట్టుగా జరిగింది. పాత గురువులకు శిష్యులు ఇచ్చినట్టే పల్లెలు తమ బోధకులకు గింజలు, బట్టలు ఇచ్చుకున్నాయి. ఏడాదిలో కొన్నిసార్లు బోధకులందరూ ఒంగోలులో కూడి తగవులు తీర్చుకునేవారు. పశ్చిమ దేశపు పద్ధతిలో చిన్న చిన్న సంఘాలుగా విడగొట్టాలని తోటి మిషనరీలు ఒత్తిడి చేశారు. ఆ తగవు ఏళ్ళ తరబడి సాగి, చివరికి విడగొట్టే పక్షమే గెలిచింది.

ఈ లోపలి సంగతులు మనకు తెలియడానికి మరో మనిషి కారణం. ఎమ్మా రౌషెన్‌బుష్ 1882లో మిషనరీగా వచ్చింది. స్విట్జర్లాండు బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. 1894లో క్లౌను రెండో భార్యగా పెళ్ళాడింది. సోదరుడు వాల్టర్ అమెరికాలో సామాజిక న్యాయాన్ని క్రైస్తవ వేదాంతంతో కలిపి చెప్పిన పెద్ద పేరు. ఎమ్మా ముసలి బోధకుల్ని కూర్చోబెట్టి జాంబవంతుడి కథలు, అరుంధతి, మాతంగి కథలు, రాజయోగ గురువుల సంగతులు అడిగి రాసుకుంది. 1899లో వెలువడిన ఆమె పుస్తకం మాదిగల మౌఖిక చరిత్రకు తొలి ఆధారాల్లో ఒకటి. భర్త జ్ఞాపకాలను కూడా ఆమే రాసి పెట్టింది. మిషను ఇతర గ్రంథాలన్నీ పోయి ఈ రెండే మిగిలినా పెద్ద నష్టం ఉండదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కరువు, కాలువ

1876-78 కరువు మద్రాసు రాష్ట్రాన్ని ఊడ్చిపెట్టింది. దక్షిణ భారతంలో చనిపోయినవాళ్ళు 50 లక్షలకు పైనేనని అంచనా. తెలుగువాళ్ళు దాన్ని ధాత కరువన్నారు. గింజలు రైళ్ళలో, ఓడల్లో తరలిపోతూనే ఉన్నాయి, కొనడానికి కూలివాడి చేతిలో పైసలు లేవు. సహాయపు పనుల్లో కూలీలకు రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. ఆ కొలత మీద మద్రాసులోనే పెద్ద దుమారం లేచింది.

అప్పుడు తీరం వెంబడి కాలువ తవ్వకం సాగుతోంది. మద్రాసు గవర్నరు పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. ప్రభుత్వపు పనికి వెళ్ళిన మాదిగలు చాలామంది తిరిగొచ్చేశారు. అక్కడి మేస్త్రీలు తిట్లతో, దెబ్బలతో సరిపెట్టేవారు, కొలతలో కోత వేసేవారు. క్లౌ ఏం చేశాడంటే, కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కకు తానే కాంట్రాక్టు పట్టాడు. సర్వే గొలుసు పట్టిన చేతికి మట్టి కొలవడం కొత్త కాదు. రాజుపాలెం దగ్గర పాకలు వేసి, బావులు తవ్వించి, వేలమందికి మకాం ఏర్పాటు చేశాడు. మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టాడు. మనిషి గుంట తవ్వుతాడు, ఆడవాళ్ళు గంపలతో మట్టి మోస్తారు, సాయంత్రం కొలత వేసి కూలి ఇస్తారు. తిట్టేవాడు లేడు. కొలిచేవాడు తమ కులంవాడు. మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీ పక్కనే కూర్చుని కష్టసుఖాలు మాట్లాడేవాడు, దేవుడి మాట కూడా చెప్పేవాడు. అన్ని కులాలవాళ్ళూ ఆ మకాంలో పనిచేశారు. కలరా వచ్చింది, చావులూ జరిగాయి. అయినా కూలి దొరికే చోటని జనం వస్తూనే ఉన్నారు.

ఊరికే పెట్టే గంజికీ, చేసిన పనికి వచ్చే కూలికీ ఉన్న తేడా ఆ మకాంలో తేలింది. ఆనాటి ప్రభుత్వ శిబిరాల్లో ఆకలి తీర్చడం ఒక ఎత్తయితే, అవమానం మరో ఎత్తు. కూలి సరిగా కొలిచి చేతిలో పెట్టడమే మాదిగలకు అంతకుముందు ఎరగని గౌరవం. మెదక్‌లో 1924లో ప్రారంభమైన చర్చి కూడా ఈ కోవకు చెందినదే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలి, తిండి దొరికే పనిగా దాన్ని కట్టించాడు.

కూటి కోసం మతం మారారనే మాట వస్తుందని క్లౌ ముందే ఊహించాడు. 1877 మార్చి నుంచి 15 నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కాలువ పని అయిపోయింది, సహాయ నిధులు ఆగిపోయాయి. ఇక డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పించాడు. మాకు డబ్బు వద్దు, చేర్చుకోవడమే కావాలని జనం జవాబు పంపారు. ఆ పట్టుదల అంతా భక్తేనా? కరువులో తమను మనుషులుగా చూసినవాళ్ళతో ఉండాలనుకోవడం కూడా అందులో ఉంది. ఈ రెంటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

గుండ్లకమ్మ ఒడ్డు

1878 జూన్ మధ్యలో ఒంగోలుకు ఉత్తరాన, ట్రంకు రోడ్డు మీద గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనం కూడడం మొదలయింది. బోధకులు పల్లెలవారీగా పేర్లు రాసుకుని, ఒక్కొక్కరిని ప్రశ్నించి, అనుమానమున్నవాళ్ళను వెనక్కి పంపారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది చివరికి మొత్తం 9,606. ఒంగోలు సంఘం 12 వేలు దాటింది.

జూలై 3 నాటి పద్ధతి వివరంగా నమోదైంది. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకేసారి ఇద్దరు నదిలో నడుములోతున నిలబడతారు. గట్టున గుమాస్తాలు చీటీలు చూసి పేర్లు పిలుస్తారు. వాళ్ళు అలిసిపోతే మరో ఇద్దరు దిగుతారు. తెల్లవారి మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆగి, మళ్ళీ సాయంత్రం దాకా మొత్తం సుమారు తొమ్మిది గంటలు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. పర్యవేక్షించాడంతే. అమెరికా పత్రికలు మాత్రం ఆయన పేరే మోగించాయి.

వచ్చినవాళ్ళకు తరువాత నేర్పించడం ఎలాగన్నది పెద్ద చిక్కయింది. వందల పల్లెలు, అక్షరం రాని వేలమంది, బోధకులు కొద్దిమంది. 1870ల మొదట్లో రామాయపట్నంలో పెట్టిన బోధకుల సెమినరీ మీద భారం పడింది. పల్లెల్లో చిన్న బడులు పెరిగాయి. గూడెంలో పలక పట్టిన తొలి తరం అక్కడే తయారైంది.

1933లో మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ దేశంలోని ఇలాంటి సామూహిక మార్పిడులను అధ్యయనం చేసి పుస్తకం వేశాడు. జనం ఏ కారణంతో చేరారన్నది తరువాతి సంఘజీవితాన్ని అంతగా నిర్ణయించదని, చేరినతరువాత వాళ్ళకు దొరికిన శిక్షణే నిర్ణయిస్తుందని ఆయన తేల్చాడు. ఒంగోలు అనుభవం చూస్తే ఆ మాటలో బలం కనబడుతుంది.

విస్తరణ

కర్నూలు, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల, కంభం, నిజాం రాజ్యంలో సికింద్రాబాదు, హనుమకొండ, పాలమూరు, నల్లగొండ మొదలైన చోట్ల 19వ శతాబ్దం చివరిలోపే కేంద్రాలు వెలిశాయి. నల్లగొండకు 1890లో వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యాలో స్థిరపడిన మెనోనైట్ సహోదర సంఘంవాడు. అక్కడి రైతుల చందాలతో నల్లగొండ గూడేల్లో పని నడిచింది. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు 1874లో వేరే మిషను మొదలుపెట్టారు. గుంటూరులో లూథరన్లు 1842 నుంచే ఉన్నారు.

వైద్యం ఆలస్యంగా వచ్చింది, వచ్చాక నిలబడింది. నెల్లూరులో స్త్రీల ఆసుపత్రి, ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రి, హనుమకొండ ఆసుపత్రి పేదలకు మాత్రమే కాక ఊరందరికీ దిక్కయ్యాయి. మగ డాక్టరుకు నాడి చూపించని ఇళ్ళలోకి మిషను లేడీ డాక్టర్లు వెళ్ళగలిగారు. నర్సింగు నేర్చుకున్న తొలి తెలుగు ఆడపిల్లల్లో చాలామంది ఈ గూడేలనుంచి వచ్చినవాళ్ళే. బైబిలు స్త్రీలని పిలిచే తెలుగు ప్రచారకురాళ్ళు ఇంటింటికీ తిరిగి చదవడం నేర్పారు. వీళ్ళ పేర్లు నివేదికల్లో చాలావరకు లేవు. లెక్కల పట్టికలో సంఖ్యగా మాత్రమే ఉన్నారు.

కావలి

మిషను సేవకు మరో ముఖం కావలిలో కనబడుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవంటి సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, సెటిల్మెంట్లలో ఉంచింది. వాటి నిర్వహణ మిషన్లకు అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీకి స్టూవర్టుపురం, అమెరికన్ బాప్టిస్టులకు కావలి. కావలి సెటిల్మెంటును శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ చూసేవాడు.

బడి ఉంది, పని ఉంది, వైద్యముంది. దానితోపాటు హాజరు పట్టీ, బయటికి వెళ్ళడానికి చీటీ, దాటిపోతే శిక్ష కూడా ఉన్నాయి. కాలువ మకాంలో కూలి ఇచ్చి మనిషిని నిలబెట్టిన మిషనే ఇక్కడ ప్రభుత్వ కాపలా పని చేసింది. సంస్కరణ అన్న మాట రెండుచోట్లా వాడారు గాని, రాజుపాలెం వచ్చినవాడు తన ఇష్టంతో వచ్చాడు, కావలిలో ఉన్నవాడు పోలీసు పట్టీ మీద ఉన్నాడు. ఎరుకల కుటుంబాల్లో ఆ ముద్ర తరాలపాటు పోలేదు. మిషను చరిత్రల్లో ఈ అధ్యాయాన్ని సాధారణంగా సేవల జాబితాలో ఒక వరుసగా దాటేస్తారు. అలా దాటేయడం సరికాదు.

సముద్రం దాటిన తెలుగు మిషను

మద్రాసునుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా ఒడంబడిక కూలీలుగా 1,52,184 మంది భారతీయులు అక్కడికి వెళ్ళారు. చెరకు తోటల్లో, టీ తోటల్లో పనిచేసిన వాళ్ళలో తెలుగువాళ్ళు గణనీయంగా ఉన్నారు, వాళ్ళలో బాప్టిస్టులూ ఉన్నారు. బోధకుణ్ణి పంపమని వాళ్ళు స్వదేశానికి ఉత్తరాలు రాశారు. తెలుగు బాప్టిస్టులు సొంత చందాలతో నడుపుకుంటున్న హోమ్ మిషనరీ సొసైటీ నెల్లూరు ఉపాధ్యాయుడు జాన్ రంగయ్యను కుటుంబంతో 1903లో పంపింది.

ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ టీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో చనిపోయేలోపు నేటాల్ తీరం వెంబడి చక్కెర మిల్లుల మధ్య మరిన్ని సంఘాలు నెలకొన్నాయి. రంగయ్యను పంపిన చందాలు ఎక్కువభాగం పల్లెల్లోంచి వచ్చినవి. అమెరికా డబ్బుతో వచ్చిన మిషను నీడన పెరిగినవాళ్ళు తమ డబ్బుతో తమవాళ్ళ దగ్గరకు మనిషిని పంపడం, వచ్చినవాడు బారకాసుల్లో కూలీలతో తెలుగులో మాట్లాడడం పెద్ద విషయం. సంఘాలలో తరువాత చీలికలూ వచ్చాయి. తరువాతి తరాల ఆరాధన ఇంగ్లీషులోకి మారింది.

స్వతంత్రం తరువాత

1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి నిర్వహణ స్థానికుల చేతికి వచ్చింది. ఆస్తుల మీద, పదవుల మీద తగాదాలు కోర్టుల దాకా వెళ్ళాయి. విదేశీ మిషన్లు విడిచివెళ్ళిన ఎన్నో చోట్ల జరిగినదే ఇక్కడా జరిగింది.

సాహిత్యంలో ఈ నేపథ్యం గుర్రం జాషువా ద్వారా బాగా వినిపించింది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాకు రెండువైపులనుంచి దెబ్బలు తగిలాయి. అగ్రవర్ణాలవాళ్ళు పంక్తిలో కూర్చోనివ్వలేదు, క్రైస్తవులు పురాణ వస్తువుల మీద పద్యాలేమిటని నిలదీశారు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి ఆయనకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

చట్టం దగ్గర మాత్రం గుండ్లకమ్మలో దిగినవాళ్ళ మనుమలు చిక్కులో పడ్డారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డు కులాలవారు బి.సి.-సి వర్గంలో ఒక శాతం కోటాలో ఉన్నారు. తెలంగాణలోనూ అదే పట్టీ సాగుతోంది. అందువల్ల చాలా కుటుంబాలు ఆదివారం చర్చికి వెళ్తూ, ధ్రువీకరణ పత్రంలో హిందూ మాల, హిందూ మాదిగ అని రాయించుకుంటాయి. జనగణనలో క్రైస్తవుల సంఖ్య తక్కువగా కనబడడానికి ఇదొక కారణం.

చచ్చిన గొడ్డును ఈడ్వనని చెప్పినంత మాత్రాన ఊరు వాళ్ళను అంటరానివాళ్ళుగా చూడడం మానలేదని, మతం మారినా వివక్ష మారలేదని దళిత క్రైస్తవ సంఘాలు సుప్రీంకోర్టులో వాదిస్తున్నాయి. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఈ ప్రశ్న మీద కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది.